గుండె లెక్కకు గడియారం కొనాలా? మూడు వేళ్లు చాలవా?

పలాస : తెల్లవారుజామున నాలుగున్నర దాటిందంటే ఉద్దానం పల్లెల్లో తారురోడ్ల మీద అడుగుల చప్పుడు మొదలవుతుంది. జీడితోటల నడుమ కుర్రాళ్లు గుంపులు గుంపులుగా పరుగులు తీస్తుంటారు. సైన్యంలో చేరాలని కొందరు, పోలీసు కానిస్టేబులు కావాలని మరికొందరు. పిల్లల్ని పటాలానికి పంపడం శ్రీకాకుళం జిల్లా పల్లెలకు కొత్తకాదు గనుక ఈ పరుగులను ఎవరూ వింతగా చూడరు. వింతల్లా ఈమధ్య వాళ్ల మణికట్లకు కనిపిస్తున్న గడియారాలే. టైముతోపాటు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో కూడా చూపించే గడియారాలవి. చీకట్లో ఆకుపచ్చగా మిణుకుమంటూ వుంటాయి.

వెయ్యి, పదిహేను వందలకు దొరికే రకం నుంచి ముప్పై, నలభై వేల రకం వరకు ఇవి మార్కెట్టులో వున్నాయి. ఒకడు కొన్నాడంటే పక్కవాడికీ కావాలి. దాంతో చాలా ఇళ్లల్లో ఇదొక తగవుగా తయారైంది. వ్యాయామానికి ఇది నిజంగా అవసరమా, లేక సోకుకు పెట్టే ఖర్చా అన్నది ఇప్పుడు రచ్చబండ దగ్గర కూడా చర్చకు వస్తున్నది.

ఒక బస్తా జీడిపిక్కల ధర

పలాస దగ్గర ఒక పల్లెలో రెండెకరాల జీడితోట వున్న రైతుకు ఈ తగవు ఇంట్లోకే వచ్చింది. 2018 అక్టోబరు తిత్లీ తుఫానులో ఆయన తోటలో కాపు చెట్లు సగానికి పైగా నేలకూలాయి. తిరిగి నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. ఇరవై ఏళ్ల కొడుకు ఇంటర్ పూర్తిచేసి సైన్యంలో అగ్నివీర్ ఎంపికకు తయారవుతున్నాడు. పన్నెండు వేల రూపాయల గడియారం కావాలని కుర్రాడు అడిగాడు. ఎనభై కిలోల జీడిపిక్కల బస్తా ఒకటి అమ్మితే వచ్చే డబ్బు ఇంచుమించు అంతే.

"కాదంటే, సెలక్షన్ పోయిననాడు నీవల్లే పోయిందంటాడు. సరే అంటే, ఎరువులకు అప్పు చెయ్యాలి" అని ఆ రైతు వాపోయాడు. చివరకు తండ్రీ కొడుకూ కలిసి హైస్కూలు వ్యాయామోపాధ్యాయుని దగ్గరకు వెళ్లారు. రోజూ ఉదయం ఈ కుర్రాళ్లకు పరుగు నేర్పేది ఆయనే.

"ఏటి మాస్టారూ, గుండె కొట్టుకునేది దేవుడు లెక్కెట్టుకుంటాడు గానీ, దానికి పన్నెండు వేల గడియారమెందుకు?" అని రైతు నేరుగా అడిగేశాడు.

మాస్టారు వెంటనే అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. "రేపు తెల్లారి గ్రౌండుకు రండి. చూసి మీరే చెప్పండి" అన్నారు.

గ్రౌండులో పరీక్ష

మరునాడు ఎనిమిది మంది కుర్రాళ్లు, రెండు గడియారాలు, ఒక స్టాప్‌వాచీ గ్రౌండులో సిద్ధమయ్యాయి. ఒక గడియారం ఖరీదైనది, మరొకటి చవకది. రెంటినీ ఒకే కుర్రాడి రెండు చేతులకు కట్టారు. కూర్చుని వుండగా చూస్తే రెండూ 68, 70 దగ్గరే చూపించాయి. మాస్టారు మూడు వేళ్లు పెట్టి లెక్కించినా అంతే వచ్చింది. రైతు ముఖం చిన్నబోయింది. కొనక తప్పదేమో అనుకున్నాడు.

తర్వాత కుర్రాణ్ణి నాలుగు చుట్లు గట్టిగా పరుగెత్తించారు. ఆగీ ఆగగానే మాస్టారు మెడ పక్కన వేళ్లు పెట్టి పది సెకన్లు లెక్కించారు. 29 వచ్చింది. ఆరుతో హెచ్చిస్తే నిమిషానికి 174. ఖరీదైన గడియారం 169 చూపింది. చవక గడియారం మాత్రం 126 దగ్గరే వుండిపోయింది. ఇంతలో ఒక తుంటరి కుర్రాడు చవక గడియారాన్ని విప్పి, తడి తువ్వాలు చుట్టగా చుట్టి దానికి కట్టాడు. కాసేపటికి తువ్వాలుకు కూడా 80 అని గుండె కొట్టుకోవడం మొదలైంది. గ్రౌండంతా నవ్వులు.

గడియారం ఎలా లెక్కిస్తుంది?

ఇందులో మాయ ఏమీ లేదు. గడియారం వెనుకవైపు చిన్న ఆకుపచ్చ దీపాలు వుంటాయి. వాటి వెలుగు చర్మంలోకి పోతుంది. రక్తం ఎర్రగా వుంటుంది గనుక ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం కాస్త ఎక్కువగా వస్తుంది, అప్పుడు తిరిగివచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులనే గడియారం లెక్కపెడుతుంది. అంటే అది గుండెను చూడటం లేదు, వెలుగులో కదలికను చూస్తున్నది. తువ్వాలుకు కూడా నాడి చూపించడానికి కారణం ఇదే.

పట్టీ వదులుగా వున్నా, చెయ్యి అదేపనిగా వూగుతున్నా, చలికి చర్మంలో రక్తప్రసారం తగ్గినా ఈ లెక్క తప్పుతుంది. మణికట్టు మీద పచ్చబొట్టు వుంటే వెలుగు సరిగా లోపలికి పోదు. పరుగులో మరో చిక్కు కూడా వుంది. పరుగెత్తేవాడి అడుగులు నిమిషానికి 160 నుంచి 180 దాకా పడతాయి. ఒక్కొక్కప్పుడు గడియారం గుండెను వదిలేసి అడుగులను లెక్కపెట్టి అదే గుండె వేగమని చూపిస్తుంది.

ఇంతకంటె నమ్మకమైనది ఛాతీకి కట్టుకునే పట్టీ. గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే సన్నని విద్యుత్తును అది పట్టుకుంటుంది. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసే సూత్రమే ఇది కూడా. ఫిన్లండు దేశంలో 1977లో స్థాపించిన పోలార్ కంపెనీ, మంచుమీద స్కీయింగ్ చేసే క్రీడాకారుల శిక్షణ కోసం ఈ పనికి పూనుకుంది. తీగ లేకుండా ఛాతీ పట్టీ నుంచి చేతి గడియారానికి లెక్క పంపే సాధనాన్ని 1982లో విడుదల చేసింది. నేటికీ వ్యాయామంలో గుండె వేగం కచ్చితంగా కావాలనుకునేవారు ఛాతీ పట్టీనే వాడుతున్నారు. మూడు వేల నుంచి ఎనిమిది, పది వేల దాకా దాని ధర వుంటుంది. చాలా రకాలకు స్మార్ట్‌ఫోను కూడా జతగా వుండాలి. చెమట ఉప్పు పట్టకుండా వాడినప్పుడల్లా మంచినీళ్లతో కడగకపోతే త్వరగా పాడవుతుంది.

పరుగు పందెంలో లెక్క వేరు

అగ్నివీర్ ఎంపికలో 1600 మీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోగా ముగించినవారికి 60 మార్కులు. పది పుల్-అప్‌లు తీస్తే 40 మార్కులు. 2022లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో ముగించాలి. ఎక్కడైనా చూసేది స్టాప్‌వాచీనే. అభ్యర్థి గుండె ఎంత వేగంగా కొట్టుకున్నదని ఎవరూ అడగరు.

మాస్టారు రైతుకు విడమరచి చెప్పిన లెక్క ఇది. 5 నిమిషాల 30 సెకన్లంటే 330 సెకన్లు. నాలుగు వందల మీటర్ల చుట్లు నాలుగు. ఒక్కొక్క చుట్టు 82 సెకన్లన్నరలో పూర్తికావాలి. కుర్రాళ్లలో ఎక్కువమంది మొదటి చుట్టు 70 సెకన్లలో దూసుకుపోయి, మూడో చుట్టుకు నోరు తెరిచేస్తారు. "వీళ్లు ఓడేది గుండె లెక్క తెలియక కాదు. మొదటి చుట్టు లెక్క తెలియక" అన్నారాయన. ఆ లెక్కకు ఫోనులోని స్టాప్‌వాచీ చాలు.

అలాగని గుండె లెక్క దండగ అని కూడా ఆయన అనలేదు. పరుగు పందేనికి ముందు నెలల్లో చేసే సాధనలో అది పనికివస్తుంది. వారంలో రెండు రోజులు గట్టిగా పరుగెత్తితే తక్కిన రోజులు తేలికగా పరుగెత్తాలి. కానీ పక్కవాడు దాటిపోతుంటే ఏ కుర్రాడూ తేలికగా పరుగెత్తడు. రోజూ పందెమే. పది రోజులకు పిక్కలు పట్టేస్తాయి, మోకాళ్లు వాస్తాయి. తేలిక పరుగు తేలికగానే వున్నదా లేదా అన్నది గుండె వేగం చెబుతుంది. అయితే దానికి డబ్బు ఖర్చులేని పరీక్ష కూడా వుంది. పరుగెత్తుతూ పక్కవాడితో మాట్లాడగలిగితే అది తేలిక పరుగు. రెండు మూడు మాటలకే ఆయాసం వస్తే అది గట్టి పరుగు.

220లో వయస్సు తీసివేత

గడియారాలన్నీ సామాన్యంగా ఒక సూత్రాన్ని నమ్ముకుంటాయి. 220లోంచి వయస్సు తీసివేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందన్నదే ఆ సూత్రం. అందులో సగం నుంచి నూటికి డెబ్భై వంతుల దాకా వుంటే మధ్యరకం వ్యాయామం. ఆ లెక్కన 20 ఏళ్లవారికి 100 నుంచి 140, 30 ఏళ్లకు 95 నుంచి 133, 40 ఏళ్లకు 90 నుంచి 126, 50 ఏళ్లకు 85 నుంచి 119, 60 ఏళ్లకు 80 నుంచి 112.

కాగా, ఇది అందరికీ అతికే చొక్కా కాదు. ఒకే వయస్సు వారిద్దరి గరిష్ఠ వేగంలో పది, పన్నెండు దెబ్బల తేడా వుండటం మామూలే. 2001లో ప్రకటించిన మరో సూత్రం ప్రకారం వయస్సును 0.7తో హెచ్చించి, వచ్చినదాన్ని 208లోంచి తీసివేయాలి. అరవై ఏళ్లవారికి పాత సూత్రం 160 అంటే, ఇది 166 అంటుంది. ఎండ, ఉక్కపోత, ఒంట్లో నీరు తగ్గడం, జ్వరం, కాఫీ, నిద్రలేమి ఇవన్నీ గుండె వేగాన్ని పెంచుతాయి. కోస్తా ఉక్కలో మే నెల పరుగుకు, జనవరి పరుగుకు ఒకే అంకె రాదు. గడియారం కచ్చితంగా చూపినా దాని అర్థం మనిషే చెప్పుకోవాలి.

"గడియారం 74 చూపింది, అందుకే పడుకున్నాను"

ఇదంతా కుర్రాళ్ల సంగతి. పెద్దవాళ్ల విషయంలో ఈ గడియారం మీద గుడ్డినమ్మకం ప్రాణం మీదకు తెచ్చే ప్రమాదం వుంది. అదే గ్రామంలో యాభై రెండేళ్ల రైతు ఒకరికి మొన్న వేసవిలో అలాగే జరిగింది. పట్నంలో వున్న కొడుకు కొనిపంపిన గడియారం కట్టుకుని ఆయన రోజూ ఉదయం నడిచేవాడు. ఒకరోజు నడక మధ్యలో గుండెలు బరువెక్కి, ఎడమ చెయ్యి లాగి, చెమటలు పట్టాయి. గడియారం చూసుకుంటే 74 వుంది. గుండె బాగానే వుంది, గ్యాసే అయివుంటుందని సోడా తాగి ఇంటికొచ్చి పడుకున్నాడు. భార్య గాభరా పడి 108కి ఫోను చేయించింది. పట్నం ఆసుపత్రిలో గుండెపోటు అని తేలింది. సమయం మించకముందే చేరాడు గనుక బతికి బయటపడ్డాడు.

గుండెకు రక్తం తీసుకుపోయే నాళం పూడుకుపోతే గుండెపోటు వస్తుంది. అప్పుడు గుండె వేగం మామూలుగా వుండవచ్చు, ఎక్కువ కావచ్చు, తగ్గవచ్చు కూడా. నాళం పూడిందా లేదా అన్నది మణికట్టు దీపానికి తెలియదు. ఇ.సి.జి. తీసే ఖరీదైన గడియారాలు కూడా గుండె లయ తప్పడాన్ని కొంతవరకు పట్టగలవే గానీ గుండెపోటును పట్టలేవని తయారుచేసే కంపెనీలే చెబుతున్నాయి. గుండెల్లో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, వున్నట్టుండి ఆయాసం, కళ్లు తిరగడం వీటిలో ఏది కనిపించినా గడియారం ఏమంటున్నదని చూడకుండా 108కి ఫోను చెయ్యడమే దారి.

ఆ రైతుకు ఇప్పుడు మరో అనుభవం ఎదురైంది. ఎంత నడిచినా గడియారంలో అంకె 95 దాటడం లేదు. "మీ వయస్సుకు ఇది చాలదు, ఇంకా వేగంగా నడవండి" అని గడియారం రోజూ పోరు పెడుతున్నది. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి వుంచుతాయి. బి.పి.కి, గుండె జబ్బుకు ఇవి చాలామంది వాడుతున్నారు. ఇవి మింగేవారికి 220 సూత్రం వర్తించదు. గడియారం మాట విని వేగం పెంచితే ముప్పే. వీరు ఎంత దాకా నడవాలో డాక్టరే చెప్పాలి.

బి.పి., షుగరు కూడా చూపిస్తామంటూ చవక గడియారాలు అమ్ముతున్నారు. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలుస్తామనే గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దని, అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ తగ్గించినా పెంచినా ప్రాణాపాయమే.

మూడు వేళ్ల విద్య

నాడి చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలి మొదట్లో మణికట్టు మీద రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మెత్తగా ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు. దానికే సొంత నాడి వుంటుంది గనుక లెక్క తప్పుతుంది. కదలక కూర్చుని 30 సెకన్లు లెక్కించి రెండుతో హెచ్చించాలి. పరుగు ఆపిన వెంటనే అయితే పది సెకన్లే లెక్కించి ఆరుతో హెచ్చించాలి. ఆలస్యమైతే గుండె నెమ్మదించి తక్కువ అంకె వస్తుంది. మెడ దగ్గర చూసేటప్పుడు గట్టిగా నొక్కకూడదు, రెండు పక్కలా ఒకేసారి అసలే పట్టకూడదు.

విశ్రాంతిగా వున్న పెద్దవారికి నిమిషానికి 60 నుంచి 100 దాకా మామూలు. బాగా సాధన చేసిన క్రీడాకారులకు 60 కంటె తక్కువ కూడా వుంటుంది. ఉదయం లేచీ లేవగానే, మంచం దిగకముందే లెక్కించి పుస్తకంలో రాసుకోవడం అన్నిటికంటె మేలు. సాధన ఫలిస్తుంటే వారాలు గడిచేకొద్దీ ఆ అంకె నెమ్మదిగా తగ్గుతుంది. ఒకరోజు వున్నట్టుండి ఎనిమిదో పదో పెరిగితే శరీరం అలసిందనో, జ్వరం రాబోతున్నదనో అర్థం. ఆరోజు పరుగు మానడం మంచిది. కూర్చుని వున్నా 100 దాటుతున్నా, నాడి తప్పుతూ తప్పుతూ కొడుతున్నా డాక్టరుకు చూపించుకోవాలి.

ఉద్దానం కుర్రాళ్లకు మాస్టారు మరో హెచ్చరిక కూడా చేస్తున్నారు. ఒళ్లునొప్పులు తెలియకుండా పరుగుకు ముందు నొప్పి మాత్రలు మింగే అలవాటు కొందరిలో వుంది. ఒంట్లో నీరు తగ్గివున్నప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకు చేటు. కిడ్నీ జబ్బులతో ఇప్పటికే నలిగిపోతున్న ప్రాంతంలో ఇది చేజేతులా కొనితెచ్చుకునే కష్టమని ఆయన అంటున్నారు.

మరి ఎవరు కొనవచ్చు?

గుండెజబ్బు తర్వాత ఇంత అంకె దాటవద్దని డాక్టరు ప్రత్యేకంగా చెప్పినవారికి ఇది అక్కరకు వస్తుంది. ఏ రకం కొనాలో కూడా ఆ డాక్టరునే అడగాలి. పది, ఇరవై కిలోమీటర్ల పరుగులకు ఏళ్ల తరబడి సాధన చేసేవారికి ఛాతీ పట్టీ వుపయోగపడుతుంది. చేతికి గడియారం వుంటే తప్ప నడవడానికి కదలని వారికి, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, అది ప్రోత్సాహంగా వుండవచ్చు. అటువంటివారు గడియారాన్ని మణికట్టు ఎముకకు కాస్త పైగా, బిగుతుగా కట్టుకోవాలి. కొనేముందు దుకాణంలోనే నాలుగడుగులు చురుగ్గా నడిచి, వేళ్లతో లెక్కించి పోల్చి చూసుకోవాలి.

ఆరోగ్యం కోసం నడిచే రైతుకు మాత్రం ఇది తప్పనిసరి కాదు. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే కొలత. ట్రాక్టర్లు, కోతమిషన్లు వచ్చాక పొలంపని తగ్గినచోట ఈ అరగంట మరీ అవసరం.

తగవు తీరింది

గ్రౌండు నుంచి ఇంటికి వస్తూ కుర్రాడే గడియారం మాట ఎత్తడం మానేశాడు. జీడిపిక్కల బస్తా అమ్మిన డబ్బులో రెండు వేల అయిదు వందలు పెట్టి తండ్రి అతనికి పరుగు బూట్లు కొన్నాడు. అంతవరకు అతను పరుగెత్తినవి అరిగిపోయిన కాన్వాసు బూట్లతోనే. మిగిలింది ఎరువులకు వుంచాడు. ఎనిమిది మంది కుర్రాళ్లూ చందా వేసుకుని ఒక ఛాతీ పట్టీ కొనుక్కుని వంతులవారీగా వాడుకుందామన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, ముందు మూడు నెలలు వేళ్లతో లెక్కించి చూడండని మాస్టారు వాయిదా వేశారు.

ఆ కుర్రాడి నోటుపుస్తకంలో మొదటిరోజు ఉదయం నాడి 72 అని వుంది. పదకొండు వారాల తర్వాత 63. నాలుగు చుట్ల పరుగు 6 నిమిషాల 20 సెకన్ల నుంచి 5 నిమిషాల 44 సెకన్లకు వచ్చింది. ఇంకా 14 సెకన్లు తగ్గాలి. ఎంపికలు వచ్చేలోగా తగ్గుతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

తండ్రి మాత్రం ఈమధ్య రోజూ వేకువనే కొడుకు మంచం దగ్గరకు వచ్చి కూర్చుంటున్నాడు. కుర్రాడు తన లెక్క రాసుకోవడం అయ్యాక, చెయ్యి చాపి, "నాదీ ఎంతుందో చూడరా" అంటున్నాడు. ఇప్పుడు ఆ పుస్తకంలో రెండు వరుసలున్నాయి.